'లెజెండ్ ఆఫ్ ది డెమన్ క్యాట్' చూడొచ్చా? చూడొచ్చు, కానీ ముందు మీ స్క్రీన్ సంగతి చూసుకోండి

ఈ సినిమాని నేను రెండుసార్లు చూశా. మొదటిసారి స్లీపర్ బస్సులో, రాత్రి పదకొండు దాటాక, ఫోన్‌లో. పక్క బెర్త్ ఆయన నిద్ర చెడకూడదని బ్రైట్‌నెస్ బాగా తగ్గించా. ఒక ఇయర్‌బడ్ చార్జింగ్ అయిపోతే మిగిలిన ఒక్కదానితో లాగించా. నలభై నిమిషాలకు ఆపేసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో తీర్పు పడేశా: "మాట్లాడే పిల్లి సినిమా. గ్రాఫిక్స్ బాలేవు. టైమ్ వేస్ట్."

రెండోసారి దాదాపు ఏడాది తర్వాత. రూమ్మేట్ కొత్తగా ఓఎల్ఈడీ టీవీ కొన్నాడు. బ్లాక్ లెవెల్స్ ఎలా ఉన్నాయో టెస్ట్ చేద్దామని చీకటి సీన్లు ఎక్కువున్న సినిమా వెతుకుతుంటే మళ్లీ ఇదే గుర్తొచ్చింది. పది నిమిషాలు చూసి ఆపేద్దామనుకున్నాం. రెండు గంటల పైచిలుకు సినిమా మొత్తం చూశాం. అయిపోయాక టీవీ గురించి ఎవ్వరం మాట్లాడలేదు. వాడు మాత్రం ఒక మాట అన్నాడు: "నువ్వే కదరా బాలేదన్నావ్? నీ మాట విని నేను అప్పుడే లిస్ట్‌లోంచి తీసేశా."

ఆ మాట కాస్త గట్టిగానే తగిలింది. ఎందుకంటే ఏ ఫోన్ గురించైనా ఎవరైనా అన్‌బాక్సింగ్ అయిన గంటకే రివ్యూ పెడితే "పది రోజులు వాడకుండా ఏం చెప్తావ్ బ్రో" అని కామెంట్లలో తిట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మరి 129 నిమిషాల సినిమాకి నలభై నిమిషాలు, సగం బ్రైట్‌నెస్, ఒక చెవి మాత్రమే ఇచ్చి నేను చేసిందేంటి? అందుకే ఈ ఆర్టికల్. కొంచెం సినిమా గురించి, కొంచెం మనం సినిమాలు చూసే పద్ధతి గురించి.

అసలు ఏంటీ సినిమా?

2017 డిసెంబర్‌లో చైనాలో రిలీజైంది. డైరెక్టర్ చెన్ కైగె. పేరు వినకపోతే ఒక్క ముక్క చాలు: 1993లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో టాప్ అవార్డ్ పామ్ డోర్ గెలిచిన 'ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్' ఈయనదే. ఆ అవార్డ్ అందుకున్న మొదటి చైనీస్ భాషా చిత్రం అది.

కథకి మూలం మాత్రం జపనీస్ నవల. రాసింది బాకు యుమెమకురా. 'ఓన్మ్యోజి' సిరీస్ కూడా ఈయనదే. నెట్‌ఫ్లిక్స్‌లో 'ది యిన్-యాంగ్ మాస్టర్: డ్రీమ్ ఆఫ్ ఎటర్నిటీ' చూసినవాళ్లుంటే, దాని మూలం ఆ సిరీసే. అంటే తాంత్రికుడు, అతని పక్కన ఒక ఫ్రెండ్, ఇద్దరూ కలిసి దెయ్యాల కేసు ఛేదించడం అనే ఫార్ములా ఈ రచయితకి వెన్నతో పెట్టిన విద్య.

సినిమా చైనా, జపాన్ కలిసి తీశాయి. హీరోలూ ఇద్దరే. చైనా నుంచి హువాంగ్ షువాన్, జపాన్ నుంచి షోటా సోమెటాని.

కథ (ఇక్కడ స్పాయిలర్లు లేవు)

తొమ్మిదో శతాబ్దం మొదట్లో టాంగ్ రాజవంశం రాజధాని చాంగాన్. ఇప్పటి షియాన్ నగరం ఉన్న చోటు. ఆ కాలంలో ప్రపంచంలోనే అతి పెద్ద నగరాల్లో అదొకటి. చక్రవర్తికి జబ్బు చేసింది. దుష్టశక్తి పట్టిందేమో చూడమని జపాన్ నుంచి వచ్చిన కుర్ర సన్యాసి కూకైని పిలిపిస్తారు. అతను వెళ్లేసరికే చక్రవర్తి ప్రాణం పోతుంది. గదిలో దొరికిన ఆనవాళ్లు చూసి కూకైకి అనుమానం వస్తుంది: ఇక్కడికి ఒక పిల్లి వచ్చి వెళ్లింది.

అదే సమయంలో ఊళ్లో మరోచోట రాజు కాపలా దళంలోని ఒక అధికారి ఇంట్లో నల్లపిల్లి ప్రత్యక్షమవుతుంది. మనిషిలా మాట్లాడుతుంది. తిండి పెడితే డబ్బు ఎక్కడ పాతిపెట్టి ఉందో చెబుతానని ఆ ఇంటావిడతో బేరం పెడుతుంది. పిల్లి ఎదురొస్తే నాలుగడుగులు వెనక్కి వేసి మంచినీళ్లు తాగి బయల్దేరే ఊళ్లలో పెరిగినవాళ్లం కదా. ఆ బేరం ఎక్కడికి దారి తీస్తుందో మనకి ముందే అర్థమైపోతుంది.

కూకైకి తోడుగా వచ్చేవాడు బాయ్ లెతియన్. చక్రవర్తి రోజువారీ విషయాలు రికార్డు చేసే చిన్న ఉద్యోగి, కానీ మనసంతా కవిత్వం మీదే. యాభై ఏళ్ల కిందటి చక్రవర్తి షువాన్‌జాంగ్, అతని ప్రియురాలు యాంగ్ గుయిఫెయ్‌ల ప్రేమ మీద పెద్ద కవిత రాస్తుంటాడు. ముగింపు కుదరడం లేదు. పిల్లి చేస్తున్న హత్యల వెనక ఆ పాత ప్రేమకథే ఉందని మెల్లగా బయటపడుతుంది.

ఇద్దరూ నిజంగా చరిత్రలో ఉన్నవాళ్లే. కూకై 804లో చైనా వెళ్లాడు, 806లో జపాన్‌కి తిరిగొచ్చి షింగాన్ బౌద్ధశాఖ స్థాపించాడు. బాయ్ లెతియన్ అంటే చైనా మహాకవుల్లో ఒకడైన బాయ్ జుయీ. షువాన్‌జాంగ్, గుయిఫెయ్‌ల మీద అతని దీర్ఘకవిత వచ్చింది కూడా 806లోనే. ఇద్దరూ ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ఉన్నారు కాబట్టి "వీళ్లు కలిసి ఒక కేసు ఛేదించి ఉంటే?" అన్నదే రచయిత ఊహ. షెర్లాక్, వాట్సన్ టైపు జోడీ అన్నమాట. ఇక్కడ షెర్లాక్ బోడిగుండు సన్యాసి, ఏం జరిగినా చిన్నగా నవ్వుతుంటాడు. వాట్సన్‌కి ఆవేశం ఎక్కువ.

ఆ ఊరు సీజీ కాదు

నేను ఫోన్‌లో చూసినప్పుడు "బ్యాక్‌గ్రౌండ్ అంతా గ్రీన్‌స్క్రీన్ లెక్క ఉంది" అనుకున్నా. ఇక్కడే నా పరువు పోయింది. హుబెయ్ రాష్ట్రంలోని షియాంగ్‌యాంగ్‌లో టాంగ్ కాలపు నగరాన్ని నిజంగానే కట్టారు. సుమారు ఆరేళ్లు పట్టింది. వీధులు, చెరువులు, వంతెనలు, మేడలు అన్నీ కట్టి, చెట్లు కూడా ముందే నాటి పెరగనిచ్చారు. షూటింగ్ అయ్యాక అది టూరిస్ట్ స్పాట్‌గా మారింది. మనకి రామోజీ ఫిల్మ్ సిటీలో మాహిష్మతి సెట్‌ని టికెట్ కొని చూసినట్టు.

పెద్ద స్క్రీన్ మీద ఈ తేడా బాగా తెలుస్తుంది. మార్కెట్ వీధిలో ఇంద్రజాలికుడు ఆడించే సీన్ ఉంది. జనం చుట్టూ మూగి ఉంటారు, అతను పుచ్చకాయ గింజ నాటితే కళ్లముందే తీగ పాకుతుంది, కాయలు కాస్తాయి. తీగ సీజీ. కానీ దాని కింద నేల, వెనక గోడ, పైకప్పు మీద పడే ఎండ నిజం. అందుకే కన్ను ఆ మాయని ఒప్పుకుంటుంది. ఈ సినిమా మొత్తం ఆడే ఆట ఇదే: నిజం మధ్యలో మాయ, మాయ మధ్యలో నిజం. ఆ రెండిటికీ తేడా కనిపించని స్క్రీన్ మీద చూస్తే ఆటే అర్థం కాదు.

మరి పిల్లి?

ఒప్పుకుంటా. పిల్లి పర్ఫెక్ట్‌గా లేదు. నోరు కదిలించి మాట్లాడే కొన్ని షాట్లలో సీజీ అని ఇట్టే తెలిసిపోతుంది. బొచ్చు మీద వెలుతురు ఒకలా, గదిలో వెలుతురు ఒకలా ఉంటుంది. ఇంటి దూలాల మీద ఎగిరి గంతులేసేటప్పుడు దానికి బరువున్నట్టు అనిపించదు.

చెన్ కైగెకి గ్రాఫిక్స్‌తో పాత గొడవే ఉంది. 2005లో 'ది ప్రామిస్' అని భారీ ఫాంటసీ తీసి బాగా విమర్శలు తిన్నాడు. హు గె అనే కుర్రాడు ఆ సినిమా క్లిప్పులనే వాడి ఇరవై నిమిషాల పేరడీ వీడియో చేసి నెట్‌లో వదిలాడు. చైనా ఇంటర్నెట్‌లో తొలినాళ్ల వైరల్ వీడియోల్లో అదొకటి. డైరెక్టర్‌గారికి బాగా కోపం వచ్చి కేసు వేస్తాననే దాకా వెళ్లింది. ఇప్పటి మీమ్ పేజీల తాతయ్య ఆ వీడియో.

ఆ దెబ్బ తిన్న మనిషి పన్నెండేళ్ల తర్వాత మళ్లీ ఫాంటసీ తీస్తూ ఈసారి సిమెంటు, చెక్క, చెట్ల మీద ఖర్చు పెట్టాడు. నా ఉద్దేశంలో అది సరైన నిర్ణయం. పిల్లి గ్రాఫిక్స్ ఇవాళ చూస్తే పాతబడ్డాయి, ఇంకో పదేళ్లకి ఇంకా పాతబడతాయి. ఆ ఊరు పాతబడదు.

ఆ విందు సీన్ కోసమైనా చూడాలి

సినిమా మధ్యలో ఒక ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. యాంగ్ గుయిఫెయ్ గౌరవార్థం షువాన్‌జాంగ్ ఇచ్చిన మహా విందు. గాల్లో ఊయల మీద ఆమె, గోడల మీది బొమ్మలకి ప్రాణం రావడం, తెల్ల కొంగలు కుర్రాళ్లుగా మారడం, తాగి తూలుతూ కవిత రాసే లీ బాయ్, జుట్టు విరబోసుకుని డప్పు వాయించే చక్రవర్తి. ఇంద్రజాలికుల మాయతో ఆ మేడంతా నిండిపోతుంది. దేశదేశాల నుంచి వచ్చిన అతిథులు నోరెళ్లబెట్టి చూస్తుంటారు.

నాకైతే అది చూస్తుంటే ఫ్లాగ్‌షిప్ లాంచ్ ఈవెంట్ గుర్తొచ్చింది. లైట్లు, మ్యూజిక్, స్టేజ్ మీద అద్భుతం, కింద చప్పట్లు. సామ్రాజ్యం తన గొప్పదనాన్ని తనకే డెమో ఇచ్చుకుంటోంది. డెమో బాగుంటే లోపల సిస్టమ్ బాగున్నట్టు కాదని సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ వైభవం నిజంగానే ఎక్కువ కాలం నిలవలేదు. 755 చివర్లో సేనాధిపతి ఆన్ లుషాన్ తిరుగుబాటు చేశాడు. చక్రవర్తి రాజధాని వదిలి పారిపోయాడు. 756లో దారిలో మావెయ్ అనే చోట సైనికులు ఎదురు తిరిగి, ఈ అనర్థానికంతటికీ కారణం యాంగ్ కుటుంబమే, గుయిఫెయ్ చావాల్సిందే అన్నారు. ఆమె చనిపోయింది. ఇదంతా చరిత్ర. సినిమా అడిగే ప్రశ్న: ఎలా చనిపోయింది? ఎవరు చంపారు? అందరూ ప్రేమించామని చెప్పుకున్న మనిషిని కాపాడటానికి ఒక్కరైనా ఎందుకు ముందుకు రాలేదు?

ఫోన్‌లో చూస్తే ఏం పోతుంది?

ఇప్పుడు మన ఏరియాలోకి వద్దాం. సినిమాలో చాలా భాగం రాత్రుళ్లు, దీపాల వెలుతురు. నల్లపిల్లి చీకటి గదిలో తిరుగుతుంది. నా మొదటి అనుభవం ఎందుకు చెడిందో తర్వాత కూర్చుని లెక్క తీశా.

ఒకటి, డీఆర్ఎమ్. అప్పటి నా ఫోన్‌లో కస్టమ్ రామ్ వేసుకున్నా. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే చాలా ఫోన్లలో వైడ్‌వైన్ ఎల్1 పోయి ఎల్3కి పడిపోతుంది. ఎల్3 ఉంటే చాలా ఓటీటీ యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు, ఎస్‌డీతో సరిపెడతాయి. అంటే ఫుల్ హెచ్‌డీ ప్లస్ స్క్రీన్ మీద నేను చూసింది 480పీ. మీ ఫోన్ సంగతి తెలియాలంటే డీఆర్ఎమ్ ఇన్ఫో యాప్ వేసి చూడండి, ఒక్క నిమిషం పని.

రెండు, బ్యాండింగ్. 8-బిట్ వీడియోలో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. 10-బిట్‌లో 1024. పగటి సీన్లలో ఈ తేడా పెద్దగా కనపడదు. కానీ దీపం చుట్టూ వెలుతురు మెల్లగా చీకట్లో కలిసిపోయే చోట, మెట్లు తక్కువైతే గీతలు గీతలుగా, ఉల్లిపాయ పొరల్లా కనిపిస్తుంది. దానికితోడు బిట్‌రేట్ తక్కువైతే ఎన్‌కోడర్ ముందు కోత పెట్టేది చీకటి భాగాల్లోనే. అక్కడే పిల్లి ఉంది! నేను "గ్రాఫిక్స్ బాలేవు" అన్నదాంట్లో సగం కంప్రెషన్ పాపం.

మూడు, బ్రైట్‌నెస్. బాగా తగ్గిస్తే కొన్ని అమోలెడ్ ప్యానెళ్లలో ముదురు బూడిద రంగులన్నీ కలిసి నల్లముద్ద అయిపోతాయి. ఎల్‌సీడీలో దీనికి రివర్స్, నలుపు కాస్తా బూడిదై కూర్చుంటుంది.

నాలుగు, సౌండ్. సంగీతం క్లౌస్ బాడెల్ట్ ఇచ్చాడు, 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' మొదటి పార్ట్‌కి పనిచేసినాయన. పిల్లి ఎటువైపు నుంచి వస్తోందో చాలాచోట్ల కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. ఒక్క ఇయర్‌బడ్‌తో ఆ భయం సగం కాదు, మొత్తం పోతుంది.

ఐదు, సబ్‌టైటిల్స్. చైనీస్ ఆడియోతోనే చూడండి. మొదటి అరగంటలో పేర్లు చాలా వస్తాయి. బస్సు కుదుపుల్లో చిన్న అక్షరాలు చదువుతూ ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవడం కష్టం. నేను ఆపేసింది సరిగ్గా అక్కడే.

టీవీలో చూసేవాళ్లు కూడా రెండు సెట్టింగ్‌లు మార్చండి. మోషన్ స్మూతింగ్ ఆఫ్ చేయండి, లేదంటే 24 ఫ్రేముల సినిమా కాస్తా సీరియల్‌లా జారిపోతుంది. వివిడ్ మోడ్ తీసేసి సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టండి. ఎరుపు, బంగారు రంగులు మీద పడి కొట్టకుండా ఉంటాయి. పెద్ద టీవీ లేదా? పర్లేదు. ఎల్1 ఉన్న ఫోన్, చీకటి గది, రెండు ఇయర్‌బడ్‌లు, ఫ్లైట్ మోడ్. డౌన్‌లోడ్ చేసుకుని చూడండి. స్క్రీన్ సైజు కన్నా మీరు ఇచ్చే రెండు గంటలే ముఖ్యం.

ఇంకోటి. "పది నిమిషాల్లో కథ మొత్తం" టైపు వీడియోల్లో దీన్ని చూడొద్దు. మిస్టరీగా చూస్తే కథ పది నిమిషాల్లో చెప్పొచ్చు, నిజమే. కానీ చెప్పేశాక మీ దగ్గర మిగిలేది హంతకుడి పేరు మాత్రమే.

మనకీ కూకైకీ ఒక చుట్టరికం

సినిమా చూశాక కూకై గురించి చదువుతుంటే నాకు మంచి ఆశ్చర్యం ఎదురైంది. చాంగాన్‌లో అతను వెళ్లి చేరింది హుయ్‌గో అనే గురువు దగ్గరికి. ఆ గురుపరంపర వెనక్కి వెళితే అమోఘవజ్రుడు, వజ్రబోధి, నాగబోధి, వాళ్ల వెనక నాగార్జునుడు. అవును, నాగార్జునకొండ అనగానే మనకి గుర్తొచ్చే పేరే. దక్షిణ భారతంలోని ఒక ఇనుప గోపురంలో నాగార్జునుడికి ఈ రహస్య బోధ దొరికిందని షింగాన్ సంప్రదాయం నమ్ముతుంది. ఆ గోపురం మన అమరావతి స్తూపమే కావచ్చని కొందరు పండితులు ఊహించారు. నిజమో కాదో పక్కన పెడితే, జపాన్ సన్యాసి చైనా వెళ్లి వెతికిన విద్యకి మూలం ఎక్కడో కృష్ణా ఒడ్డున ఉండొచ్చన్న ఆలోచనే బాగుంది కదా.

కూకై చాంగాన్‌లో ప్రజ్ఞుడనే పండితుడి దగ్గర సంస్కృతం కూడా నేర్చుకున్నాడు. మంత్రాలు రాసే సిద్ధం లిపిని తనతో జపాన్ తీసుకెళ్లాడు. ఈసారి మీ ఫోన్‌లో జపనీస్ కీబోర్డ్ ఒకసారి యాడ్ చేసి చూడండి: అ, క, స, త, న, హ, మ, య, ర, వ. అచ్చులేమో అ, ఇ, ఉ, ఎ, ఒ. మన అక్షరమాల వరసకి దగ్గరగా లేదూ? జపాన్ సన్యాసులు సంస్కృత వర్ణక్రమం చదువుకోవడం వల్ల వచ్చిన వరస అది.

నచ్చనివి

అన్నీ పొగిడితే రివ్యూ కాదు. మొదటి గంటలో ఉన్న డిటెక్టివ్ పట్టు రెండో గంటలో ఉండదు. ఒక పాత డైరీ దొరుకుతుంది, చక్రవర్తి కొలువులో పనిచేసిన అబె నో నకమారో అనే జపనీయుడు రాసింది. అక్కడి నుంచి కూకై, లెతియన్ ఛేదించడం తగ్గి, చదివి తెలుసుకోవడం ఎక్కువవుతుంది. కోడ్ డీబగ్ చేస్తున్నవాడికి ఎవరో వచ్చి ఆన్సర్ ఇచ్చేసినట్టు ఉంటుంది.

దీనికన్నా పెద్ద ఫిర్యాదు యాంగ్ గుయిఫెయ్ పాత్ర గురించి. సినిమాలో ప్రతి మగాడూ ఆమెని చూస్తాడు, ప్రేమిస్తాడు, కవిత్వం చెప్తాడు. ఆమె ఏమనుకుంటోందో మాత్రం మనకి సరిగ్గా తెలియదు. ఆమెని బొమ్మలా చూసినవాళ్ల గురించే ఈ సినిమా అనొచ్చు. కానీ సినిమా కూడా చాలాసేపు అదే పని చేస్తుంది.

పక్కా డిటెక్టివ్ ప్లాట్ కావాలంటే సుయ్ హార్క్ తీసిన 'డిటెక్టివ్ డీ అండ్ ది మిస్టరీ ఆఫ్ ది ఫాంటమ్ ఫ్లేమ్' (2010) చూడండి. అదీ టాంగ్ కాలమే. మనుషులు ఉన్నట్టుండి మంటల్లో కాలిపోతుంటారు, ఆండీ లా కేసు ఛేదిస్తాడు, యాక్షన్ దంచి కొడుతుంది. స్పీడ్‌లో అది బెటర్. గుర్తుండిపోవడంలో ఇది బెటర్.

ఇక్కడి నుంచి స్పాయిలర్లు. చూడనివాళ్లు చివరి సెక్షన్‌కి వెళ్లిపోండి

పిల్లి ఎవరన్నది మన చందమామ కథలు చదివినవాళ్లు కాస్త ముందే పట్టేస్తారు. పరకాయ ప్రవేశం. విందులో కొంగలా మారిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడైన బాయ్ లాంగ్ ప్రాణం ఆ పిల్లిలో ఉంది. గుయిఫెయ్‌ని నిజంగా చంపడం లేదు, చనిపోయినట్టు నిద్రపుచ్చి రాతి పెట్టెలో ఉంచుతాం, గొడవ సద్దుమణిగాక లేపుతాం అని చక్రవర్తి నమ్మించాడు. లేపే ఉద్దేశం అతనికి లేదు. ఆమె ఆ పెట్టెలోనే మెలకువ వచ్చి, బయటికి రాలేక చనిపోయింది. ఆ నిజం ఆ కుర్రాడికి తెలిసింది. పిల్లి పగ రాజవంశం మీద, దాన్ని కాపలా కాసిన కుటుంబం మీద.

ఇప్పుడు లెతియన్ సంగతి చూడండి. మహాప్రేమ అని నమ్మి ఏళ్ల తరబడి రాసిన కవిత. తీరా చూస్తే ఆ ప్రేమికుడే హంతకుడు. కవిత చించేస్తాడనుకున్నా. చించడు. ఒక్క అక్షరం కూడా మార్చనంటాడు.

మొదట నాకు ఒళ్లు మండింది. నిజం తెలిశాక కూడా అబద్ధాన్ని ఉంచుతాడేంటి? రెండు రోజులు దాని గురించే ఆలోచించా. తర్వాత నాకు అర్థమైంది ఇది: కవితలో ఉన్నలాంటి ప్రేమ నిజంగానే ఉంది. కాకపోతే చక్రవర్తిలో లేదు. చనిపోయిన మనిషి పక్కన పిల్లి రూపంలో కాపలా ఉండిపోయిన ఆ కుర్రాడిలో ఉంది. మన భాషలో చెప్పాలంటే వాల్యూ కరెక్టే, పాయింటర్ తప్పు చోటికి ఉంది. కవి అక్షరం మార్చలేదు, ఆ అక్షరాలు ఎవరి గురించో తెలుసుకున్నాడు.

మీరు ఒప్పుకోకపోవచ్చు. మా రూమ్మేట్ ఒప్పుకోలేదు. "రాజుగారి పేరు మీద కవిత అలాగే ఉంటే జనం రాజుగారినే మెచ్చుకుంటారు కదా" అన్నాడు. దానికి నా దగ్గర మంచి సమాధానం లేదు. నిజమే, పన్నెండు వందల ఏళ్లుగా జనం ఆ కవితని చక్రవర్తి ప్రేమకథగానే చదువుతున్నారు.

ఫైనల్‌గా: ఎవరు చూడాలి?

'విరూపాక్ష', 'కార్తికేయ 2' లాంటివి నచ్చి, ఒక రహస్యం వెనక ఊరి చరిత్రో, దేశ చరిత్రో ఉంటే బాగుంటుందనుకునేవాళ్లు తప్పకుండా చూడండి. పిల్లులు చంపే సీన్లలో, ముఖ్యంగా కళ్ల విషయంలో, కాస్త రక్తం ఉంది. ఇంట్లో చిన్నపిల్లలతో వద్దు. నిమిషానికో ట్విస్ట్ కావాలనేవాళ్లు, ఫోన్ పక్కన పెట్టలేనివాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు. మీకూ నష్టం, సినిమాకీ నష్టం.

విజువల్స్‌కి 5లో 4.5, మిస్టరీకి 3, పిల్లి గ్రాఫిక్స్‌కి 2.5. మొత్తం మీద 4 ఇస్తా. ఏడాది కిందట బస్సులో అడిగి ఉంటే 1.5 ఇచ్చేవాణ్ణి. మధ్యలో సినిమాలో ఒక్క ఫ్రేమ్ కూడా మారలేదు.

అందుకే ఆ రాత్రే పాత గ్రూప్ తెరిచి, నా పాత మెసేజ్‌కి రిప్లైగా ఇంకోటి పెట్టా: "అప్పుడు సగమే చూశాను. సారీ. ఇది చూడండి." ఆరుగురిలో ఇద్దరు చూశారు. ఒకడికి నచ్చింది, ఒకడు మధ్యలో నిద్రపోయాడట. పర్లేదు, వాడి తీర్పు కనీసం వాడిదే.